ఇది మా పాట కాదు!

2025 క్రిస్మస్‌కు పది రోజుల ముందు కొత్తచెరువులో మా సంఘమునకు చెందిన ఒక సహోదరుని ఇంటికి వెళ్ళాను. క్యారల్స్ విషయం మాట్లాడి, చిన్న ప్రార్థన చేసి వచ్చేద్దామనుకున్నాను. కానీ రాత్రి పదకొండు గంటల వరకు అక్కడే కూర్చోవలసి వచ్చింది. కారణం ఒక పాట.

ఆ సహోదరుడు చేనేత పనివాడు. ఇరవై ఎనిమిదేండ్లు గుంట మగ్గంలో కూర్చుని ధర్మవరం షావుకార్లకు పట్టుచీరలు నేసిచ్చినాడు. ఆ మగ్గం నాలుగేండ్లుగా ఆగిపోయి ఉంది. ఇప్పుడు దాని మీద దుప్పట్లు, పాత బట్టల మూటలు పెడుతున్నారు. కొడుకు ఐ.టి.ఐ. చదివి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో పనికి పోతున్నాడు. 2019లో అక్కడ కియా కార్లు తయారు కావడం మొదలైన తర్వాత చుట్టుపక్కల విడిభాగాలు చేసే కంపెనీలు కూడా వచ్చాయి గదా, వాటిలో ఒకదానిలో ఉద్యోగం. బుద్ధిమంతుడు. జీతం తెచ్చి తల్లి చేతికే ఇస్తాడు.

నేను కూర్చున్నానో లేదో తండ్రి అందుకున్నాడు. "అయ్యగారూ, మీరన్నా చెప్పండి వీనికి. పగలంతా మిషన్ల కాడ ఉంటాడు. ఇంటికొస్తే చెవుల్లో మళ్ళీ మిషన్లే. అదేందిరా అంటే పాట అంటాడు. నేనొకసారి ఇన్నాను. అది పాట గాదయ్యా, మరమగ్గం!"

కుర్రవాడు తల వంచుకున్నాడు. నేను అతని ఫోను తీసుకుని, చెవులకు పెట్టుకునేవి పెట్టుకుని విన్నాను. నిజం చెప్పవలెనంటే మొదట నాకూ తండ్రి మాటే నిజమనిపించింది. ఇనుము మీద ఇనుము పడుతున్నట్లు, రేకులు చీలుతున్నట్లు ఒకటే మోత. ఆ మోత మధ్య ఒక మనిషి గొంతు. ఇవన్నీ వినడం నాకేమిటనిపించి చెవుల నుండి తీసివేయబోయాను. అయితే కుర్రవాడు నా ముఖం వైపు ఎంతో ఆశగా చూస్తున్నాడు. ఆ చూపు వలన పాట అయిపోయే వరకు విన్నాను.

ఇనుప చప్పుడు పాట ఎట్లయింది?

ఈ సంగీతాన్ని ఇండస్ట్రియల్ రాక్ అంటారు. 1976లో ఇంగ్లండులో కొందరు సంగీతకారులు తమ రికార్డుల సంస్థకు 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరే ఈ రకం సంగీతానికి నిలిచిపోయింది. 1980లో బెర్లిన్‌లో ఒక బృందం డ్రిల్లింగ్ మిషన్లు, ఇనుప రేకులు, పైపులు పట్టుకుని వేదిక ఎక్కింది. వారికి అవే వాయిద్యములు. ఫ్యాక్టరీల నడుమ పుట్టి పెరిగినవారు తమ చుట్టూ వినిపించే చప్పుడునే పాటగా కట్టారు.

మన కుర్రవాడు వినే బృందం పేరు నైన్ ఇంచ్ నెయిల్స్, అంటే తొమ్మిదంగుళాల మేకులు. సిలువ మేకులను ఉద్దేశించి పెట్టిన పేరేమోనని చాలామంది ఊహించారు. పెట్టిన ట్రెంట్ రెజ్నర్ మాత్రం, దానికి లోతైన అర్థమేమీ లేదు, కుదించి రాయడానికి వీలుగా ఉంటుందని పెట్టానన్నాడు. ఆయన 1965లో అమెరికాలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోగా అమ్మమ్మ తాతల దగ్గర పెరిగి పియానో నేర్చుకున్నాడు. ఉక్కు కర్మాగారాలకు పేరుపొందిన క్లీవ్‌లాండ్ నగరంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చే పని, తుడిచే పని చేస్తూ, రాత్రిపూట స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు తన పాటలు తానే రికార్డు చేసుకున్నాడు. ఆ విధంగా 1988లో మొదలైన బృందమది. చాలాకాలం బృందమంటే ఆయనొక్కడే. 2016లో అట్టికస్ రాస్ అనే ఇంగ్లండు సంగీతకారుడు రెండవవాడుగా చేరాడు.

"పగలు వినేది చాలదా నాయనా, రాత్రి కూడా ఎందుకు?" అని కుర్రవాణ్ణి అడిగాను. అతడు కొంచెంసేపు ఆలోచించి ఇచ్చిన జవాబు నేనింకా మరువలేదు. "పగలు ఆ చప్పుడు చెప్పినట్ల నేను ఆడాల అయ్యగారూ. ఈ పాటలో ఆ చప్పుడే మనిషి చెప్పినట్ల ఆడుతుంది."

తండ్రి ఆ మాట విని చప్పున తల ఎత్తాడు. ఎందుకంటే ఆయన బాధ కూడా అదే. చేతిమగ్గంలో తాడు లాగితే నాడె ఇటునుండి అటు పరుగెత్తే చప్పుడు, పలక వచ్చి పేకను గుద్దే చప్పుడు మనిషి చేతిలో ఉంటాయి. ఆయన ఆపితే ఆగుతాయి. ఆయన కీర్తన పాడుకుంటే మగ్గమే తాళం వేస్తుంది. మరమగ్గం ఎవరి మాటా వినదు. కొన్ని రకాల బట్టను చేతిమగ్గాలకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టమైతే చేసింది. అయినా మరమగ్గం మీద నేసిన చీర తక్కువ ధరకు బజారులోకి వస్తూనే ఉంది. కాబట్టి కొడుకు చెవిలోని మోత ఆ తండ్రికి వట్టి మోత కాదు. తన అన్నం తీసేసిన చప్పుడు. ఈ సంగతి కొడుక్కి ఆ రాత్రి దాకా తెలియదు. తండ్రి ఎన్నడూ చెప్పలేదు.

కొడుకు చెప్పిన ఫిర్యాదు

విచిత్రమేమంటే, కొడుకు కూడా ఆ రోజు సంతోషంగా లేడు. ఆ బృందం మీద ఆయనకొక ఫిర్యాదు ఉంది. 2025 సెప్టెంబరులో నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతో కొత్త ఆల్బమ్ వచ్చింది. 'ట్రాన్: ఏరిస్' అనే సినిమా కోసం చేసిన సంగీతమది. పాటలు కొన్నే, మిగిలినదంతా మాటలు లేని సంగీతము. అంతకుముందు రెజ్నర్, రాస్‌లు సినిమాలకు చేసిన సంగీతం వారి సొంత పేర్లతో వచ్చేది. ఈసారి బృందం పేరే పెట్టారు. "సినిమాకి చేసింది ఆల్బమ్ ఎట్లయితుందయ్యా? పాత కోపం యాడుంది దాంట్లో? ఇది మా బ్యాండు కాదు" అన్నాడు. ఆయన స్నేహితులలో ఒకరు మాత్రం ఇదే అన్నిటికన్నా బాగుందని వాదిస్తాడట. ఈ మాట మీద ఇద్దరూ రెండు వారాలు సరిగా మాట్లాడుకోలేదట!

నేను నవ్వలేదు. ఎందుకంటే ఈ మాట ఆ బృందానికి కొత్తది కాదు. 1994లో వారి 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' అనే ఆల్బమ్ వచ్చింది. దానితో పేరు లోకమంతా ప్రాకింది. తర్వాత అయిదేండ్లు అభిమానులు ఎదురుచూశారు. 1999 సెప్టెంబరులో 'ది ఫ్రాజైల్' వచ్చింది. రెండు డిస్కులు, 23 పాటలు. మొదటి వారం అమెరికాలో అమ్మకాల పట్టికలో మొదటి స్థానం. రెండవ వారానికి 16వ స్థానానికి పడిపోయింది. చాలా పొడవుగా ఉందన్నారు, మెత్తబడిందన్నారు, మునుపటి పదును లేదన్నారు. కాలం గడిచింది. నేడు ఆ బృందం చేసినవాటిలో అదే గొప్పదని చెప్పే అభిమానులు ఎందరో ఉన్నారు. ఆల్బమ్ మారలేదు. వినేవారు మారారు.

మనకు కావలసినది పాటా, మనిషా?

ఇక్కడ ఒక సంగతి తల్లిదండ్రులూ యౌవనస్థులూ కలిసి ఆలోచించవలెను. 1994 నాటి ఆ ఆల్బమ్ ఒక మనిషి మెట్టుమెట్టుగా దిగజారి తన్ను తానే నాశనం చేసుకునే కథ. దానిలో బూతు ఉంది, దేవదూషణ ఉంది, నిరాశ ఉంది. ఆ మాటలు చిన్నపిల్లల చెవిని పడవలసినవి కావు. ఈ సంగతి కుర్రవాడికి దాచకుండా చెప్పాను, ఆయన ఒప్పుకున్నాడు. అయితే ఆ కథ రాసినవాడు తర్వాత దాదాపు ఆ కథలోనే పడిపోయాడు. తాగుడు, మత్తుపదార్థాలు ఆయన్ను పట్టుకున్నాయి. 2000లో లండనులో ప్రాణం మీదికి వచ్చింది. 2001లో చికిత్స తీసుకుని బయటపడ్డాడు. 2005లో తర్వాతి ఆల్బమ్ తెచ్చాడు. 2009లో పెళ్ళి చేసుకున్నాడు. పిల్లల తండ్రి అయినాడు. సినిమా సంగీతానికి 2011లోనూ 2021లోనూ ఆస్కార్ బహుమానం అందుకున్నాడు.

అభిమానులందరూ సంతోషించారా? చాలామంది సంతోషించారు. కానీ, ఆయన బాగుపడిన తర్వాత పాటల్లో పస తగ్గిందని గొణిగినవారు కూడా తక్కువేమీ కాదు. ఈ మాట వినడానికి చిన్నదే గాని, దాని లోపల ఏముందో చూడండి. మా కోసం నీవు ఇంకా కొంతకాలం గాయపడే ఉండవలసింది, నీ గాయమే మాకు బాగుంది అని చెప్పినట్లే గదా! కుర్రవాణ్ణి ఇదే అడిగాను. "ఆ పాత కోపం కావాలంటున్నావు. ఆ కోపం వెనుక ఒక మనిషి చచ్చిపోబోయినాడు. ఆయన బ్రతికి, భార్యాపిల్లలతో ఉండి, కొంచెం వేరే పాట పాడితే నీకు నష్టమేమి?"

ఆయన జవాబు చెప్పలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. ఎందుకంటే ఈ తప్పు మనమందరం చేస్తాము. తాగుడు మానిన మనిషిని చూసి, వాడు తాగినప్పుడే సరదాగా ఉండేవాడని వెనుక నవ్వే స్నేహితులు మన ఊళ్ళలో లేరా?

వినగా వినగా

మన తెలుగువారికి ఇటువంటి అనుభవం మరొకటుంది. 1992లో 'రోజా' సినిమాతో ఎ.ఆర్. రెహమాన్ వచ్చాడు. అప్పటికి పాతికేండ్ల వయసు. మద్రాసులో ఇంటి ఆవరణలో సొంత స్టూడియో పెట్టుకుని, కంప్యూటరు, కీబోర్డు ముందు కూర్చుని పాటకు రూపం ఇచ్చేవాడు. అంతకుముందు మన రాజ్ - కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవాడే. తర్వాత 'ప్రేమికుడు', 'బొంబాయి', 'ప్రేమదేశం' క్యాసెట్లు వరుసగా వచ్చాయి. అప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ణి. బస్టాండులోని క్యాసెట్ల అంగడి ముందు పెద్దవాళ్ళు వాదించుకోవడం నాకు బాగా జ్ఞాపకం. మాటలు వినిపించవు, అంతా మిషన్ చప్పుడే, పాట అంటే ఇళయరాజాదే అని ఒకరు. రెహమాన్‌వి వినగా వినగా నచ్చుతాయి అని ఇంకొకరు. ఆ 'వినగా వినగా' అనే మాట తెలుగు నాట ఒక సామెత మాదిరి అయిపోయింది. నేడు కూడా ఆయన కొత్త పాట వస్తే ఆ మాట వినిపిస్తుంది.

మన కదిరి తాలూకా కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన వేపాకును గూర్చి చెప్పిన పద్యం మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. చేదు కూడా అలవాటైతే తీపి అవుతుందన్న ఆ సత్యం నాలుకకు మాత్రమే కాదు, చెవికి కూడా చెల్లుతుంది. అలాగని ప్రతి చేదూ మందు కాదు. అది వేరే సంగతి. కానీ మొదటిసారి విన్నప్పుడు మన చెవి ఇచ్చే తీర్పు పాటను గూర్చిన తీర్పు కాదు, మన అలవాటును గూర్చిన తీర్పు.

మన ఆరాధనలలో కూడా ఇదే గదా జరిగింది! పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) మన రాగాలలో, మన తాళాలలో క్రైస్తవ కీర్తనలు కట్టారు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించి పాడే కాలమది. ఈనాడు గుడిలో గిటారు, డ్రమ్స్ వినిపిస్తే, 'మా కీర్తనలే పాత భక్తి' అని మన పెద్దలు బాధపడతారు. వారు పాతవి అనుకునే ఆ కీర్తనలు కూడా ఒకనాడు కొత్త పాటలే. ఈ మాట మా సంఘ పెద్దలతో అన్నప్పుడు కొందరికి కష్టమనిపించింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పాత పాట పోతే దానితో పాటు అమ్మ గొంతు కూడా పోతుందేమోనన్న భయమది. ఆ భయాన్ని యౌవనస్థులు గౌరవించవలెను.

ఒక పాట చేతులు మారింది

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను. కుర్రవాణ్ణి ఒక పాట పెట్టమని అడిగాను. 1994 నాటి అదే ఆల్బమ్‌లో చివరి పాట 'హర్ట్'. తనకు తానే గాయం చేసుకున్న మనిషి మాట్లాడే పాట. దానిని 2002లో జానీ క్యాష్ అనే వృద్ధ గాయకుడు మళ్ళీ పాడాడు. ఆయన అమెరికాలో పల్లె సంగీతానికి పేరు పొందినవాడు. తానూ మత్తుమాత్రలకు బానిసయి లేచినవాడు. భక్తి పాటలు ఎన్నో పాడినవాడు. అపొస్తలుడైన పౌలును గూర్చి 1986లో ఒక నవల కూడా రాశాడు. ఆయన ఈ పాటలోని మోతంతా తీసివేయించి, ముఖ్యంగా గిటారు, పియానో ఉంచాడు. ఒకచోట ఉన్న బూతు మాటను తీసివేసి, మన ప్రభువు శిరస్సు మీద పెట్టిన ముళ్ళను జ్ఞాపకం చేసే మాట పెట్టాడు. మిగిలినదంతా రాసినవాడు రాసినట్లే పాడాడు.

దానికి తీసిన వీడియోలో వణుకుతున్న చేతులతో ఆ వృద్ధుడు కూర్చుని ఉంటాడు. వెనుక భార్య జూన్ నిలబడి ఆయన వైపు చూస్తుంటుంది. 2003 మే నెలలో ఆమె, సెప్టెంబరులో ఆయన చనిపోయారు.

ఈ పాట రాసిన రెజ్నర్ సంగతి ఏమిటి? మొదట వినినప్పుడు ఆయనకూ నచ్చలేదు! తనకు మాత్రమే సొంతమైన దానిని ఎవరో తీసుకున్నట్లు తోచిందట. తర్వాత వీడియో చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇక ఈ పాట నాది కాదు అన్నాడు. ఆ మాట కోపంతో అన్నది కాదు, గౌరవంతో అప్పగించినది. ఇది నా పాట కాదు అనే మాటను రెండు విధాలుగా పలకవచ్చునని నాకు అప్పుడు తెలిసింది. ఒకటి తలుపు మూసే మాట. రెండవది చెయ్యి తెరిచే మాట.

తండ్రి ఆ వీడియో చివరిదాకా చూశాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆ వృద్ధుని చేతులు చూసి తన చేతులు చూసుకున్నాడు. "ఈ పాట ఎవరు కట్టింది రా?" అని అడిగాడు. "నేను వినే ఆయనే నాయనా" అన్నాడు కొడుకు. "ఊఁ... ఇంకొకసారి పెట్టు" అన్నాడు తండ్రి.

బయట నిలబడిన పెద్ద కుమారుడు

లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని కథ మనందరికీ తెలుసు. దానిలో ఒక చిన్న వివరం మీద మనం ఎక్కువగా నిలువము. పొలం నుండి వచ్చిన పెద్ద కుమారుడు మొదట తమ్ముణ్ణి చూడలేదు. ఇంట్లో నుండి వచ్చే వాద్య సంగీతము విన్నాడు. అది ఎందుకో దాసుని అడిగి తెలుసుకుని, కోపపడి లోపలికి పోలేదు. బాగుపడి వచ్చిన మనిషి కోసం మోగిన సంగీతం ఆయనకు నచ్చలేదు. తనకు తెలిసిన ఇల్లు అది కాదనిపించింది. అప్పుడు తండ్రి ఏమి చేశాడు? లోపల నుండి కేక వేయలేదు. బయటికి వచ్చి బ్రతిమాలాడు.

మన ఇండ్లలో కూడా ఎవరో ఒకరు సంగీతం దగ్గర బయట నిలబడి ఉంటారు. ఒకసారి తండ్రి, ఒకసారి కొడుకు. లోపల ఉన్నవారు బయటికి రావలెను. మొబైలు లాక్కోవడం, తలుపు వేసుకోవడం ఇద్దరినీ ఇంకా దూరం చేస్తాయి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు వినే పాటలలో ఒక్కటి వారి ప్రక్కన కూర్చుని పూర్తిగా వినండి. మాటల అర్థం వారినే చెప్పమనండి. చెడ్డ మాట ఉంటే అప్పుడు చెప్పండి. విన్నవారి మాటకు విలువ ఉంటుంది. యౌవనస్థులారా, మీ పెద్దలకు ఒక చప్పుడు ఎందుకు గిట్టదో ఒకసారి అడగండి. దాని వెనుక ఆగిపోయిన మగ్గం ఉండవచ్చు. మీకు ఇష్టమైన గాయకుడు మారినప్పుడు, ఆయన మంచికి మారాడా చెడ్డకు మారాడా అని చూడండి. మీకు అలవాటైనట్లు లేడని మాత్రం తోసివేయకండి.

జనవరిలో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. తండ్రికి ఆ సంగీతం ఇంకా నచ్చలేదు. "నచ్చేకి నాకు ఇంగో జన్మ గావాలయ్యా. అయితే వాడెందుకు ఇంటాడో తెలిసింది" అన్నాడు. కొడుకు కొత్త ఆల్బమ్‌ను మళ్ళీ వింటున్నాడట. రెండు పాటలు బాగున్నాయని ఒప్పుకున్నాడు. స్నేహితునితో మాటలు కలిశాయి.

మగ్గం మీద దుప్పట్లు లేవు. ముందు ఆదివారం కొడుకే తీసి, "నాయనా, ఒక్కసారి ఆడించు, ఆ చప్పుడు ఫోనులో ఎక్కించుకుంటా" అన్నాడట. పడుగు లేదు, పేక లేదు. అయినా తండ్రి గుంటలోకి దిగి కూర్చుని, పలక కొట్టి, నాడె పరుగెత్తించి చూపించాడు. కొడుకు ఫోను పట్టుకుని ప్రక్కన నిలుచున్నాడు. ఆ రికార్డు నాకూ వినిపించారు. రెండు నిమిషాలుంటుంది. చప్పుడు మధ్యలో ఒకచోట, తనకు తెలియకుండానే, తండ్రి కూనిరాగం తీయడం వినబడుతుంది.